గొలుసుకట్టు చదివేవాళ్లు

(తిరుమల రామచంద్ర గారి స్మృతిలో అనంతపురంలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ బల్ల మీద ఉన్నది కడితం. మా తాత కరణం. ఆయనకు వాళ్ల తాత నుంచి వచ్చింది. గుడ్డకు చింతగింజల అంబలీ బొగ్గుపొడీ కలిపి పూసి, ఆరబెట్టి, మడతలు మడతలుగా పెట్టి పుస్తకం చేశారు. నల్లటి పుట, తెల్లటి బలపం రాత. తప్పుపోతే తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. తుడవకపోతే వందేళ్లయినా నిలుస్తుంది. నిలిచింది కూడా. రాత మాత్రం గొలుసుకట్టు. చెయ్యి ఎత్తకుండా అక్షరంలోంచి అక్షరంలోకి సాగిపోయే రాత. తలకట్టు ఎక్కడ ముగిసిందో, పక్క అక్షరం గుడి ఎక్కడ మొదలైందో తెలియదు. నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. ఈ కడితంలో సగం కూడా చదవలేను.

1984లో కరణాలతో సహా గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. రద్దు కావలసిందే, దాని కింద నలిగినవాళ్లు ఈ జిల్లాలో తక్కువమంది కాదు. అయితే ఆ వ్యవస్థతోపాటు ఈ రాత చదివే కళ్లు కూడా పోయాయి. ఆ నష్టం ఎవరి లెక్కలోకీ రాలేదు. భూముల కొలతలు, బావుల లోతులు, ఏ చెరువు కింద ఎంత పారకం, ఏ కరువులో ఎవరు ఊరు విడిచి పోయారు, ఇవన్నీ రాసి ఉన్నవి ఇలాంటి మూటల్లోనే. మూటలు కొన్ని చెదలకు పోయాయి. కొన్ని పాత కాగితాలవాడి తక్కెడలోకి పోయాయి. మిగిలినవి చదవడానికి ఇప్పుడు మనుషులు కావాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఆ మనుషులను తయారుచేయడానికి మన ఎండాకాలం సెలవులు చాలు. ఆ పని ఈ ఊళ్లోనే చేయవచ్చు.

ఎవరి పేరు మీద మాట్లాడుతున్నామో ఆయనను ముందు తలచుకుందాం. తిరుమల రామచంద్ర గారు 1913లో ధర్మవరం పక్క పల్లెలో పుట్టారు. తెలుగు, సంస్కృతం, ప్రాకృతం, కన్నడం ఆయన నాలుక మీద ఉండేవి. పత్రికల్లో పనిచేశారు కాబట్టి చాలామందికి ఆయన పాత్రికేయులుగానే తెలుసు. నాకు మాత్రం ఆయన ముందుగా వ్రాతప్రతుల మనిషి. లాహోరులో పంజాబ్ విశ్వవిద్యాలయంలో కూర్చుని వ్రాతప్రతులకు వివరణాత్మక సూచిక తయారుచేసిన మనిషి. ఆ పని ఎలాంటిదో చేసినవాళ్లకే తెలుస్తుంది. కట్ట విప్పాలి, ఆకులు లెక్కపెట్టాలి, మొదటి మాటలూ చివరి మాటలూ ఎత్తి రాయాలి, లిపి ఏదో, రాసినవాడు ఎవరో, ఏ ఆకు విరిగిందో, ఏది తారుమారైందో నమోదు చేయాలి. రోజంతా చేస్తే నాలుగు కట్టలు తెమిలితే గొప్ప. పేరు రాదు, డబ్బు అంతకన్నా రాదు. ఆ అనుభవం ఉంది కాబట్టే ఆయన 'మన లిపి పుట్టుపూర్వోత్తరాలు' అంత ధీమాగా రాయగలిగారు. ఆ పుస్తకంలో అక్షరం చేతితో పుట్టినట్టు కనిపిస్తుంది. గంటం పట్టినవాడి మణికట్టు, తాటాకు ఈనెల దారి, ఇవన్నీ ఆయనకు తెలుసు. ఆకు మీద అడ్డంగా గట్టిగా గీస్తే ఈనె వెంబడి చీలుతుంది. అందుకే మన అక్షరం గుండ్రబడిందని పెద్దలు చెప్పేమాట మనం పాఠంలో వింటాం. ఒక్క తాటాకు చేతికిచ్చి గీయమంటే పదేళ్ల పిల్లవాడికైనా క్షణంలో తెలుస్తుంది.

అలా చేతికిచ్చి నేర్పే బడులు ప్రపంచంలో ఉన్నాయి. అమెరికాలో టెర్రీ బెలాంజర్ అనే ఆయన 1983లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రేర్ బుక్ స్కూల్ పెట్టారు. 1992లో అది వర్జీనియా విశ్వవిద్యాలయానికి మారింది. ఒక్కో పాఠ్యాంశం వారం రోజులు. పదిమంది చిన్న జట్టు, ముందు బల్ల మీద అసలు పుస్తకాలు. కాగితాన్ని వెలుతురుకు పట్టి నీటిముద్ర చూడటం, కుట్టు విప్పకుండా మడతలు లెక్కపెట్టడం, అచ్చుఅక్షరాల అరుగుదల చూసి ఏ ప్రతి ముందో ఏది వెనకో తేల్చడం నేర్పుతారు. లండన్‌లోనూ అలాంటి వేసవి బడి ఉంది. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయం 2001 నుంచి డిజిటల్ హ్యుమానిటీస్ వేసవి శిక్షణ నడిపింది. పాత గ్రంథాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా గుర్తులు పెట్టి ఎక్కించడం, వేల పుటల్లో ఒక మాట ఎక్కడెక్కడ ఎలా వాడారో వెతకడం, పాత పటాల మీద ఊళ్లను గుర్తించడం, అక్కడి పాఠాలు ఇలాంటివి. రేర్ బుక్ స్కూల్లో వారానికి రుసుమే వెయ్యి డాలర్లు దాటుతుంది. ప్రయాణం, వీసా, బస ఖర్చులు దాని మీద. ఉపకారవేతనాలు ఉన్నాయి. మన పిల్లలు తప్పకుండా దరఖాస్తు పెట్టాలి. పెట్టడానికి నేను సాయపడతాను, ఈ మాట మర్యాదకు అనడం లేదు. అయినా ఈ హాల్లో ఉన్న వందమందిలో ఒకరు వెళ్లి వస్తారు. మిగతా తొంభై తొమ్మిది మంది సంగతి?

మనకు దగ్గరలోనూ దారులు ఉన్నాయి. 2003లో మొదలైన జాతీయ వ్రాతప్రతుల మిషన్ దేశమంతటా లిపిశాస్త్రం, వ్రాతప్రతుల శాస్త్రం మీద కొన్ని వారాల శిక్షణలు జరిపించింది. కలకత్తాలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఠాగూర్ రచనల వ్రాతప్రతులూ అచ్చుప్రతులూ పక్కపక్కన పెట్టి, ఏ పాదం ఏ ప్రతిలో ఎలా మారిందో చూపే 'బిచిత్ర' అనే పాఠాంతరాల భాండాగారం 2013లో తయారుచేశారు. ఒక కవికి ఒక భాష చేసిన సేవ అది. మన వేమనకు అలాంటిది లేదు.

వేమన మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. కదిరి దగ్గర కటారుపల్లెలో ఆయన సమాధి ఉంది. ఆయన పద్యం రాని ఇల్లు ఈ సీమలో లేదు. కానీ ఏది ఆయన పద్యం? ఈస్టిండియా కంపెనీ అధికారి సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. ఊరూరా వేమన పద్యాల ప్రతులు సేకరించి, ప్రతికీ ప్రతికీ పోల్చి చూసి, 1829లో 693 పద్యాలు అచ్చువేశాడు. పదేళ్ల తర్వాత, 1839లో, అవి 1164 అయ్యాయి. తర్వాత అచ్చువేసినవాళ్ల చేతిలో వేలకు పెరిగాయి. పెరిగినవాటిలో జనం కట్టినవి ఎన్ని, మఠాలవాళ్లు చేర్చినవి ఎన్ని, బజారు పుస్తకాలవాళ్లు అతికించినవి ఎన్ని? ఈ ప్రశ్నకు జవాబు ఊహతో రాదు. ప్రతులన్నిటినీ ఒకచోట పెట్టి, పద్యానికి పద్యం, మాటకు మాట పోల్చాలి. బ్రౌన్ ఆ పని సొంత డబ్బుతో పండితులకూ లేఖకులకూ జీతాలిచ్చి, కడపలో తన బంగళాలో చేయించాడు. జూలూరి అప్పయ్య వంటి ఒకరిద్దరి పేర్లు మనకు తెలుసు. పగలంతా కూర్చుని ప్రతులు ఎత్తి రాసిన మిగతా చేతులు ఎవరివో పేర్లు లేవు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు కడపలో బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు తిరిగి తిరిగి, అడిగి అడిగి, నిలబెట్టిన గ్రంథాలయం అది. బ్రౌన్ మనుషులు చేతితో చేసిన పోలిక ఇప్పుడు యంత్రంతో వేగంగా చేయవచ్చు. యంత్రానికి ముందు ప్రతిని చదివి అందించే మనిషి మాత్రం అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి.

ఈ యంత్రం మాట కొత్తదిగా అనిపిస్తే ధర్మవరం వెళ్లి రండి. పట్టుచీర అంచుకు బుటాలు దింపే మగ్గం మీద వేలాడే చిల్లుల అట్టల దండ చూడండి. చిల్లు ఉన్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సులో జకార్డ్ 1804లో ఆ పద్ధతి తెచ్చాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హోలెరిత్ వాడినవి కూడా చిల్లుల కార్డులే. 1949లో రొబెర్తో బూసా అనే ఇటలీ క్రైస్తవ సన్యాసి ఐబీఎం కంపెనీ గడప తొక్కి, సెయింట్ థామస్ అక్వైనస్ రచనల్లోని కోటి పైచిలుకు లాటిన్ మాటలకు సూచిక చేసిపెట్టమని అడిగాడు. ఆ పనికీ చిల్లుల కార్డులే వాడారు. అచ్చయ్యేసరికి అది 56 సంపుటాలు. డిజిటల్ హ్యుమానిటీస్ కథ అక్కడి నుంచే మొదలుపెట్టి చెబుతారు. ధర్మవరంలో పుట్టిన పిల్లకు ఆ శాస్త్రం మూలసూత్రం కొత్త కాదు, వాళ్ల అమ్మ మగ్గం మీద వేలాడుతున్నదే.

బూసా కథలో నాకు ఎక్కువగా పట్టింది వేరే ఉంది. ఆ లక్షలాది కార్డులకు చిల్లులు కొట్టింది ఆయన కాదు. గల్లరాతె అనే ఊళ్లో చిన్న శిక్షణాలయం పెట్టి, చుట్టుపక్కల అమ్మాయిలకు ఆ పని నేర్పారు. లాటిన్ రాని అమ్మాయిలు లాటిన్ మహాగ్రంథాన్ని అక్షరం అక్షరం కార్డుల మీదికి ఎక్కించారు. అరవై ఏళ్ల దాకా వాళ్ల పేర్లు ఎవరూ అడగలేదు. ఈ మధ్యనే పరిశోధకులు పాత ఫోటోలు పట్టుకుని వెళ్లి, ముసలివాళ్లయిన ఆ స్త్రీలను వెతికి, వాళ్ల మాటలు రికార్డు చేశారు. కడపలో బ్రౌన్ బంగళాలో కూర్చున్న లేఖకుల మాటలు అలా వినే వీలు మనకు లేదు. రేపు ఇక్కడ జరిగే పనిలోనైనా ప్రతి పుట కింద దాన్ని చదివి ఎక్కించినవాళ్ల పేరు ఉండాలని నా పట్టుదల.

ధర్మవరం దగ్గరే నిమ్మలకుంట ఉంది. పడమటి దేశాల పుస్తక చరిత్ర పాఠాల్లో తోలుకాగితం తయారీని ఎంతో శ్రద్ధగా చూపిస్తారు. మేకతోలు నానబెట్టి, వెంట్రుక తీసి, సాగదీసి, గీకి, వెలుతురు దాటేంత పలచన చేయడం. అదే పనితనంతో నిమ్మలకుంట తోలుబొమ్మలవాళ్లు రాముణ్నీ హనుమంతుణ్నీ తయారుచేస్తున్నారు. వాళ్లలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు చేసే పుస్తకం తెర మీద నడుస్తుంది, అంతే తేడా. పుస్తకం దేనితో తయారవుతుందో నేర్పాలనుకున్న బడికి ఇంతకన్నా మంచి గురువులు ఎక్కడ దొరుకుతారు?

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి బండలు ఉన్నాయి. అశోకుడి శాసనాలు. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి. సాలు పెట్టిన ఎద్దులు గట్టు దగ్గర తిరిగి వచ్చినట్టు. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించాలంటే ఏం చేయాలి? ఎడమ నుంచి కుడికి సర్దేసి రాస్తే చెక్కినవాడి చేతి నడక పోతుంది. ఉన్నదున్నట్టు రాస్తే చదివేవాడికి అర్థం కాదు. రెండూ నిలిపేలా గుర్తులు పెట్టే పద్ధతి ఉంది, దానికి టీఈఐ అని పేరు, 1987 నుంచి ప్రపంచమంతా కలిసి దిద్దుకుంటూ వస్తున్నారు. ఎర్రగుడి బండ ముందు గొడుగు పట్టుకుని నిలబడి ఆ పాఠం చెబితే ఒక్క పూటలో వస్తుంది. బండ చూడకుండా చెబితే నెల పట్టినా రాదు.

అలాగే మన పాత అక్షరాలు. కడప జిల్లా కలమళ్ల శాసనం సుమారు 575 నాటిది. రేనాటి చోళుల కాలపు తెలుగు శాసనాల్లో ఇప్పుడు మనం రాయని రెండు అక్షరాలు కనిపిస్తాయి, ఴ ఒకటి, ౚ ఒకటి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, మొదటిది 2014లో, రెండోది 2015లో చేరాయి. అంతవరకు ఆ శాసనాలను ఉన్నదున్నట్టు టైపు చేసే వీలే లేదు. కరణాల లెక్కల్లోని భిన్నాంకాల గుర్తులు 2008లో చేరాయి. ఈ కడితంలో నిండా ఉన్నవి అవే, వీసాలు, కాణులు. గుర్తు కంప్యూటర్‌లో ఉంది, గుర్తుపట్టేవాళ్లు ఊళ్లో లేరు.

ఇప్పటిదాకా జరిగిన పని చిన్నది అని నేను అనను. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ చేతిమీదుగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తెలుగు పుస్తకాలను కుప్పలుగా స్కాన్ చేసింది. ఆ పని జరగకపోతే ఎన్నో పుస్తకాలు ఈపాటికి మట్టిలో కలిసేవి. ఆ కుప్పలో మనకు కావలసింది దొరకబుచ్చుకోవడమే కష్టం. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. రచయిత ఉండాల్సిన చోట ప్రకాశకుడు ఉంటాడు. ఒక తెలుగు పుస్తకం కోసం పది రకాల వర్ణక్రమాలతో వెతికి వెతికి నేను రాత్రులు గడిపాను. ఒకసారి ఒక చోట తాళపత్రాల స్కాన్ చూశాను. ఆకులు తలకిందులుగా పెట్టి, రెండు గ్రంథాల ఆకులు కలిపేసి, ఒకే పేరు పెట్టారు. పని చేసిన కుర్రవాళ్లను తప్పుపట్టను. వాళ్లకు చదవడం ఎవరూ నేర్పలేదు, ఆకుకు ఇంతని కూలి మాత్రం ఇచ్చారు. లాహోరులో రామచంద్ర గారు చేసిన పని ముందు జరిగి, కెమెరా తర్వాత వచ్చి ఉంటే ఈ గతి పట్టేది కాదు.

పత్రికల సంగతి చెప్పకపోతే అనంతపురానికి అన్యాయం చేసినవాణ్నవుతాను. పప్పూరు రామాచార్యులు గారు 1926లో ఇక్కడ శ్రీ సాధన పత్రిక మొదలుపెట్టారు. దత్తమండలాలన్న పేరు వదిలి రాయలసీమ అని పిలుచుకోవాలన్న మాట 1928లో నంద్యాల సభలో పుట్టినప్పుడు, ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు గారు ఈ ఊరి కళాశాలలోనే పాఠాలు చెబుతున్నారు. ఆ పేరుతో పెరిగిన తొలి పత్రికల్లో సాధన ఒకటి. విద్వాన్ విశ్వం, తరిమెల నాగిరెడ్డి వంటివాళ్లు ఇక్కడే నవ్య సాహిత్యమాల అనే ప్రచురణ సంస్థ నడిపారు, యుద్ధం తెచ్చే ఆర్థిక దుస్థితి మీద పుస్తకం వేసినందుకు జైలుకు పోయారు. సాధన పాత సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అవి బొమ్మలు. బొమ్మలో మాట వెతకలేం. అచ్చు అరిగి, ఒత్తులు మసకబారి, అరసున్నలు చుక్కలై ఉంటాయి. యంత్రం చదివితే పంక్తికి రెండు తప్పులైనా వస్తాయి. మనిషి కూర్చుని దిద్దాలి. తెలుగు వికీసోర్సులో కొందరు ఇలా పుట పుటా దిద్దుతున్నారు, జీతం లేకుండా.

దిద్దితే ఏం తెలుస్తుంది? నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒకటి చెబుతాను. ఈ పీఠభూమికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. రెండు ఋతుపవనాలకూ దూరంగా పడిన నేల. కరువు మనకు వార్త కాదు, వాతావరణం. అయితే పత్రిక దాన్ని ఎప్పుడు వార్త చేసింది? 1952 కరువులో గంజి కేంద్రాలు నడిచాయి, సైన్యం వచ్చింది. దానికి ఎన్ని నెలల ముందు నుంచి జొన్నల ధర పెరుగుతూ వచ్చింది? 'వలస' అనే మాట ఏ ఏడు నుంచి ఎక్కువైంది? పశువుల సంతల వార్తలు ఎప్పుడు పెరిగాయి? మేత లేనప్పుడే కదా ఎద్దును తోలుకుపోయి అమ్మేది. ముంగారు వాన తప్పిందని ఏ ఊరి విలేకరి ముందు రాశాడు? పాతికేళ్ల సంచికలు వెతకదగ్గ అక్షరాల్లో ఉంటే వీటిని పట్టిక వేసి చూడవచ్చు. పక్కన పందొమ్మిదో శతాబ్దం మొదట్లో సర్వేయరు మెకంజీ సేకరింపజేసిన ఊరి చరిత్రలను, అంటే కైఫీయతులను, పెట్టండి. కావలి సోదరులూ వాళ్ల సహాయకులూ ఊరూరా తిరిగి కరణాలచేత చెప్పించి రాయించినవి. వాటిలో ఊళ్లు పాడుపడటం, మళ్లీ నిలవడం ఎన్నిసార్లు వస్తుందో చూడండి. రెండు వందల ఏళ్ల కరువు చరిత్రను కరువు పడ్డవాళ్ల మాటల్లో చదవగలుగుతాం. ప్రభుత్వ నివేదిక అంకెలు చెబుతుంది. ఊరి మాట ఈ కాగితాల్లో ఉంది.

అందుకని నేను అడిగేది ఇది. మే నెలలో మూడు వారాలు. చెనక్కాయ పని ఉండదు, దుక్కి ఇంకా మొదలుకాదు, కళాశాలలు మూసి ఉంటాయి. ఆ రోజుల్లోనే మన పిల్లలు బెంగళూరు బస్సెక్కి కట్టడాల పనికి పోతారు. వాళ్లు పోకుండా ఆగాలంటే బడి ఉచితమైతే చాలదు. అక్కడ దొరికే కూలిలో సగమైనా ఇక్కడ భత్యంగా ఇవ్వాలి. ఈ ఒక్క మాట మీద నేను రాజీపడను. పూట గడిచే ఇళ్ల పిల్లలకే అందే శిక్షణ అయితే, ఈ కాగితాల్లో ఎవరి బతుకులు ఉన్నాయో వాళ్ల మనుమలు బయటే ఉండిపోతారు. పొద్దున ఎండ ముదరకముందు గొలుసుకట్టు, తాళపత్రం, శాసనం. నేర్పడానికి కడపలో, తిరుపతిలో, ఈ ఊళ్లో కూడా ఒకరిద్దరు పెద్దలు ఇంకా ఉన్నారు. ఎనభై దాటినవాళ్లు. వచ్చే ఏడు అని వాయిదా వేసే వీలు లేదు. మధ్యాహ్నం చల్లటి గదిలో కంప్యూటర్. సూచిక రాయడం, ఫోటో తీయడం, దిద్దడం, గుర్తులు పెట్టడం. ఆదివారం ఒకసారి లేపాక్షి, ఒకసారి పెనుకొండ, ఒకసారి ఎర్రగుడి. మొదటి ఏడాదికి పన్నెండు మంది చాలు. వాళ్లలో ఇద్దరు రేపు వర్జీనియాకు దరఖాస్తు పెడితే, తాము ఏ పుస్తకం మీద పనిచేశారో చెప్పుకోవడానికి చేతిలో పని ఉంటుంది.

మూటలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. మీ ఇళ్లల్లోనే. అటక మీద, గాదె వెనక, దేవుడి గూట్లో పసుపు పూసి పెట్టిన కట్ట. ఇవ్వమని అడగడం లేదు. ఒక రోజు తెచ్చి, మీ ముందే ఫోటో తీయించుకుని, మీ మూట మీరు తీసుకుపోండి. తెచ్చేలోగా ఆకులకు నూనె రాయకండి, ఎండలో ఆరబెట్టకండి, తెగిన తాడుకు బదులు రబ్బరు బ్యాండు వేయకండి. మెత్తటి నూలుగుడ్డలో చుట్టి ఉంచండి.

ఈ కడితంలో మూడో మడతలో మా ఊరి పెద్దచెరువు పేరు కనిపించింది. దాని కింద ఏడు పంక్తులు ఉన్నాయి. మొదటి రెండు పంక్తులు ఒక పెద్దాయన సాయంతో చదివాను. తూము మరమ్మతుకు ఎవరెవరు ఎన్ని కూలి దినాలు ఇచ్చారో రాసి ఉంది. మాదిగవాడ నుంచి ఇచ్చినవాళ్ల పేర్లు కూడా విడిగా ఉన్నాయి. మిగతా అయిదు పంక్తులు అందలేదు. ఉపన్యాసం అయ్యాక కావలసినవాళ్లు బల్ల దగ్గరకు రండి. చేతులు కడుక్కుని, తుడుచుకుని రండి, బలపం తడికి చెరిగిపోతుంది. పెన్నులు కుర్చీల మీదే పెట్టి రండి. పెన్సిళ్లు నేను తెచ్చాను.